విన్నవారు: కింది వాటా పిన్నిగారు

ఈ సోమవారం వార్తలు రాలేదేమని చాలామంది అడిగారట. రావు. మేడమ్ పోయారు. ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక కాస్త ఆయాసంగా ఉందని తనే ఆటో పిలుచుకుని ఆసుపత్రికి వెళ్ళారు. వెంట వస్తానంటే వద్దన్నారు. "ఎందుకు పిన్నిగారూ, సాయంత్రానికి వచ్చేస్తాను. నీళ్ళ మోటారు మాత్రం చూసుకోండి" అన్నారు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట ఆ మోటారు మాటే.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మచిలీపట్నం నుంచి వచ్చినాయన ఒకరు టైపు చేస్తున్నారు. ఆయనెవరో వరసలో వస్తుంది. నేను చెప్పిన మాట ఒక్కటి మార్చినా ఊరుకోనని కూర్చోబెట్టే ముందే చెప్పాను.

మీలో ఎక్కువమంది ఆవిడ రాతనే చూశారు, ఆవిడని చూడలేదు. మీరంతా ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో సర్వర్లు కాపలా కాసేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్ళు. తాళం లేకుండా అందరికీ వదిలేసిన సాఫ్ట్‌వేర్లలో ఏది కొత్తగా వచ్చింది, దేనికి కన్నం పడింది, ఎంత తొందరగా పూడ్చుకోవాలి అని ప్రతి సోమవారం మేడమ్ తన సైటులో వార్తలు పెట్టేవారు. గురువారం ఒక పాఠం. అంతా తెలుగులో. కొండపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసి రిటైరయ్యాక పటమటలో మా పై వాటాలో అద్దెకి దిగారు. సన్నటి మనిషి. మంగళగిరి నూలు చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. చదివేవాళ్ళకి ఆవిడ మేడమ్. వినీ వినీ నాకూ మేడమే అయ్యారు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. కంకిపాడు అవతల పల్లెల్లో ముప్పై ఏళ్ళు నాటు ముఠాకి మేస్త్రిగా చేశాను. నలభై మంది ఆడవాళ్ళు పొలంలో దిగితే ఎవరు ఎక్కడ నిలబడాలి, నారు కట్టలు ఏ గట్టున వెయ్యాలి, ఏ మడి ముందు, ఏ మడి వెనక అన్నది అంతా నోటితోనే. కాగితం ముక్క లేదు. నోరు పెద్దదని పేరుంది నాకు. ఉత్తినే రాలేదు ఆ పేరు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. మేడమ్ కిందికి వచ్చి మెట్ల మీద కూర్చుని, పాత శుభలేఖ వెనక పెన్సిల్‌తో రాసుకున్నది పైకి చదువుకుంటున్నారు.

"ఎవరితోనమ్మా మాటలు?" అన్నాను.

"నాతోనేనండీ. పైకి చదివితే తప్పులు వినపడతాయి."

"నీ తప్పు నీ చెవికెట్టా వినపడుద్ది? ఇంకోళ్ళకి చదివి వినిపించాలి గానీ."

"ఇది కంప్యూటర్ పాఠం పిన్నిగారూ. వినేవాళ్ళు ఎవరున్నారిక్కడ?"

"నేను లేనా? చెవులక్కూడా చదువు రావాలా ఏంది?"

నవ్వి చదవడం మొదలుపెట్టారు. మొదటి వాక్యంలోనే 'ఇది చాలా సులభం' అని వచ్చింది.

"ఎవరికి?" అన్నాను.

"అంటే?"

"సులభం అంటున్నావు గదా. నీకా, నాకా? నీకైతే ఆ ముక్క నీ దగ్గరే ఉంచుకో. రేపు నాకు చాతగాకపోతే నేను మొద్దుదాన్ననేగా దానర్థం?"

మేడమ్ పెన్సిల్ తీసుకుని ఆ మాట కొట్టేశారు. ఆ తర్వాత ఆవిడ రాసిన ఏ పాఠంలోనూ ఆ మాట ఉండదు. కావాలంటే వెతుక్కోండి.

అప్పటినుంచి బుధవారం మధ్యాహ్నం మెట్ల మీద చదవడం, నేను వినడం వాడుకైపోయింది. డిస్కులు, ఫైళ్ళు, కమాండ్లు, వాటి లోగుట్టు నాకేం తెలుసు? ఏది ముందు చెయ్యాలి, ఏది తర్వాత చెయ్యాలి, ఎక్కడ మెట్టు తప్పింది, అది తెలుసు. పైగా నాకొక జబ్బుంది. ఒక ఏడాది మడిలో నీళ్ళుంటాయిలే అనుకుని నారు దింపించాను. లేవు. కట్టలన్నీ గట్టు మీద వాడిపోయాయి. అప్పటినుంచి దేన్నీ ఉంటుందిలే అని వదల్లేను. మేడమ్ 'ఆ ఫైలు తెరవండి' అని చదవగానే అడిగేదాన్ని.

"ఉందో లేదో చూశావా?"

"ఉంటుందండీ."

"ఉంటది సరే. చూశావా?"

నిట్టూర్చి ఒక వరస కలిపేవారు. ఆవిడ పాఠాల్లో అడుగడుగునా 'ముందు ఉందో లేదో చూడండి' అని మీకు కనిపిస్తుంది. అది నా నోటి మాటే. అందుకని పాఠం అడుగున ఒక గీత చేర్చారు. 'విన్నవారు: కింది వాటా పిన్నిగారు.' నన్ను పైకి పిలిచి తెర మీద వేలు పెట్టి "ఇదిగో, ఇది మీరు" అని చూపించారు. నాకు అక్షరాలు రావు. కానీ ఒకదాని మీద ఒకటిగా రెండు చుక్కలు, ఆ తర్వాత పొడుగ్గా సాగే ఆ వరస ఆకారం మాత్రం గుర్తుపెట్టుకున్నాను. దూరంగా గట్టు మీద నడిచే మనిషిని నడకని బట్టి పోల్చుకోమూ, అలాగే.

పైన ఆవిడకి రెండు కంప్యూటర్లు. ఒకటి రాసుకోవడానికి. రెండోది, ముసలిది, చెడగొట్టడానికి. ప్రతి పాఠం ముందు దాని మీద చేసి, కావాలని చెడగొట్టి, మళ్ళీ బాగుచేసి అప్పుడు రాసేవారు. "నా దగ్గర చెడితే నాకు ఒక పూట పని పిన్నిగారూ. వాళ్ళ దగ్గర చెడితే వాళ్ళ ఉద్యోగం పోతుంది" అనేవారు. ఇంత చాకిరీ చేసి ఊరికే పంచిపెడతావేందమ్మా అని ఒకసారి దెప్పాను. "ఊరికే ఇచ్చేదైతే ఇంకా జాగ్రత్తగా ఇవ్వాలండీ. కొన్నవాడు తిరిగొచ్చి పోట్లాడతాడు. ఊరికే తీసుకున్నవాడు మొహమాటపడి నష్టం తనే మోస్తాడు" అన్నారు.

మొహమాటపడని వాడు ఒకడు వచ్చాడు. ఇదిగో, ఇప్పుడు టైపు చేస్తున్న ఈయనే.

మచిలీపట్నం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో కంప్యూటర్లు ఈయన బాధ్యత. రోజూ తనంతట తానే నకలు తీసుకునే పద్ధతి మీద మేడమ్ పాఠం పెడితే, అచ్చు గుద్దినట్టు అలాగే చేశాడు. ఆ పద్ధతికి ఒక గుణం ఉంది. అసలు దాంట్లో ఉన్నది నకలులో ఉంటుంది, అసలు దాంట్లో లేనిది నకలులోనూ తుడిచేస్తుంది. ఒకనాడు కరెంటు పోయి వచ్చాక అసలు డిస్కు లేవలేదు. నకలు తీసే కమాండు మాత్రం దాని వేళకి అది లేచింది. ఇక్కడ ఏమీ లేదు కాబట్టి అక్కడ కూడా ఏమీ ఉండకూడదనుకుని ఉన్న నకలు కాస్తా ఊడ్చేసింది. అసలు డిస్కు ఇక ఎప్పటికీ లేవలేదు. ఏ చెరువులో నీళ్ళు ఎప్పుడు ఎలా ఉన్నాయో ఆ రాతంతా పోయింది.

పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడి "ఆ పాఠాలు రాసే ఆవిడ ఎవరండీ? బయటికి రమ్మనండి ముందు!" అని కేకలు.

"కేకలైతే ఇక్కడ నాకంటే పెద్ద గొంతు లేదు నాయనా. మెల్లగా చెబితేనే గేటు తీస్తా" అన్నాను.

మేడమ్ దిగి వచ్చారు. ఆయన చెప్పిందంతా నిలబడి విన్నారు. "ఏ పాఠం? ఏ మెట్టు దగ్గర?" అని మాత్రం అడిగారు. ఆయన ఫోనులో చూపించాడు. మేడమ్ రెండుసార్లు చదువుకుని "అవునండీ. డిస్కు ఉందో లేదో ముందు చూడమని నేను రాయలేదు. తప్పు నాదే" అన్నారు. మేడమ్ మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పైకి పరిగెత్తారు. మరొకరు అదే గోతిలో పడకముందే ఆ పాఠం నెత్తిన ఎర్ర గీతల పెట్టె కట్టి, అందులో తప్పు తనదని, ఏం జరిగిందో, ఎలా దిద్దుకోవాలో రాసి వచ్చారు. అప్పుడు మంచినీళ్ళు. ఆ వెంటనే రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఆయనతో బస్సెక్కారు.

అక్కడ వారం పైన ఉన్నారు. రైతులకి ఇచ్చిన పరీక్ష చీటీల కోసం ఇద్దరూ చెరువు గట్ల వెంట తిరిగారు. మేత బస్తాల మధ్య, చొక్కా జేబుల్లో ఎక్కడెక్కడో దొరికినవన్నీ తెచ్చి మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించారు. దొరకనివి దొరకలేదు. ఈయన ఉద్యోగం నిలబడింది. ఇద్దరికీ స్నేహం కలిసింది.

ఈయన వచ్చిన ఆ రోజున గేటు దగ్గర నేను ఒక మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ పాఠం మేడమ్ నాకు చదివి వినిపించారు. అన్నిటిలాగే మెట్ల మీద, బుధవారం మధ్యాహ్నమే. రెండు రోజులుగా రాని కుళాయి నీళ్ళు ఆ పూటే వదిలారు. మోటారు వేసి వచ్చి కూర్చున్నాను. ట్యాంకు నిండితే నీళ్ళు మెట్ల పక్క గొట్టంలోంచి పడి వృథా అవుతాయని నా చెవి అక్కడే ఉంది. ఆవిడ చదువుతూనే ఉన్నారు. చివర "ఎలా ఉంది పిన్నిగారూ?" అన్నారు. "బాగుంది, పెట్టెయ్యమ్మా" అని మోటారు కట్టెయ్యడానికి లేచి పోయాను. ఆవిడ ముసలి కంప్యూటర్లో డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంటుంది కాబట్టి అక్కడ ఆ తప్పు బయటపడలేదు. బయటపెట్టాల్సింది నేను. 'ఉందో లేదో చూశావా' అన్న ఒక్క ముక్క. ముప్పై ఏళ్ళుగా నోట్లో నానిన ముక్క.

మచిలీపట్నం నుంచి తిరిగొచ్చాక మేడమ్ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పై బుధవారం శుభలేఖ పట్టుకుని యథాప్రకారం మెట్ల మీదకి వచ్చారు. ఊరందరి మీద అరిచిన నోరు, ఆవిడ ముందు ఆ సంగతికి తెరుచుకోలేదు. ఇన్నేళ్ళూ తెరుచుకోలేదు.

మొన్న ఈయన వచ్చి, మేడమ్ జ్ఞాపకానికి సైటంతా శుభ్రంగా సర్దుతానన్నాడు.

"ఆ ఎర్ర పెట్టె తీసేస్తానండీ. పాఠం ఎలాగూ దిద్దారు గదా. పోయినావిడ నెత్తిన ఇంకా ఆ తప్పెందుకు? నష్టపోయింది నేను. నాకే లేదు పట్టింపు."

"తీస్తే నీ చెయ్యి విరుస్తా" అన్నాను. "ఆవిడ బతికుండగా దాచుకోనిది, పోయాక నువ్వు దాస్తావా?"

"గౌరవం కోసమేనండీ."

"ఏదీ, ఆ పేజీ చూపియ్యి."

చూపించాడు. నెత్తిన ఎర్ర పెట్టె ఉంది. చదివి వినిపించాడు. అడుగుదాకా జరపమన్నాను. జరిపాడు. రెండు చుక్కలు లేవు. ఆ తర్వాత సాగే వరస లేదు.

"నా గీత ఏది?"

"ఏ గీతండీ?"

"అన్ని పాఠాల కిందా ఉండేది. ఇక్కడేది?"

ఆయన వెతికాడు. మిగతా పాఠాలన్నీ తీసి చూపించాడు. అన్నిటికీ ఉంది, దానికి తప్ప. "ఉండండి, పాత రూపాలన్నీ ఇందులో దాచి ఉంటాయి. ఎప్పుడు ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక ముక్క రాసిపెట్టడం మా వాళ్ళ పద్ధతి" అని ఇంకేదో తెరిచాడు. తెరిచి తనలో తనే చదువుకుంటున్నాడు.

"పైకి చదువయ్యా."

ఆ గీత మొదట్లో ఉంది. ఎర్ర పెట్టె కట్టిన పూటే, ఆయన కింద గేటు దగ్గర దాహంతో నిలబడి ఉన్న పూటే, మేడమ్ దాన్ని తీసేశారు. పక్కన కారణం రాశారు. 'ఈ తప్పులో ఆవిడకి భాగం లేదు.'

ఉంది. నేను చెబుతున్నాను, ఉంది. ఇంతసేపూ నేను ఇది చెప్పి రాయించింది అందుకే. ఎర్ర పెట్టె అలాగే ఉంటుంది. నా గీత తిరిగి దాని చోటికి రావాలి.

"మేడమ్ తీసేసింది నేనెలా పెట్టనండీ?" అన్నాడీయన.

"ఆవిడకి అబద్ధం రాయడం చాతగాదు. ఈ ఒక్కటీ నా కోసం రాసింది. దాన్ని అట్టా వదిలేస్తే ఆవిడ పాఠాల్లో దిద్దని తప్పు ఒకటి మిగిలిపోద్ది. పెట్టు."

సోమవారం వార్తలు ఇకనుంచి ఈయన పెడతాడు. గురువారం పాఠం మీలో ఎవరు రాసినా బుధవారం మధ్యాహ్నం నాకు ఫోను చేసి చదివి వినిపించాలి. సులభం అన్న మాట వస్తే ఫోను పెట్టేస్తాను.

ఇందాక ఆయన ఆ గీత టైపు చేశాడు. 'విన్నవారు: కింది వాటా పిన్నిగారు. ఆ రోజు సరిగా వినలేదు.' మొత్తం పాఠం ఎర్ర పెట్టె దగ్గర్నుంచి ఆ గీత దాకా ఒక్కసారి చదవమన్నాను. మెట్ల మీద కూర్చుని చదువుతున్నాడు. సగంలో ట్యాంకు నిండింది. గొట్టంలోంచి నీళ్ళు ధారగా మెట్ల పక్కన పడుతున్నాయి. ఆయన ఆగి, "మోటారు కట్టేసి రానాండీ?" అన్నాడు.

"నువ్వు చదువు" అన్నాను.

నీళ్ళు గేటు దాకా పారాయి. నేను లేవలేదు.