ఓడెక్కి వచ్చిన మా ఎదురింటి అక్క

మా ఎదురింటి అక్క పోయిందన్న కబురు నాకు తప్పుగా రాలేదు. నేనే తప్పుగా అందుకున్నాను. బడిలో రెండో పీరియడ్ నడుస్తుండగా మా ఆయన ఫోన్ చేసి, "ఎదురింట్లో పోయినారంట, బిన్నా రా" అన్నాడు. ఎవరు పోయారని నేను అడగలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఎనభై నాలుగేళ్ల పెద్దమ్మ, ఉద్యోగం నుంచి రిటైరై ఏడాదైన ఆమె కూతురు. ఆ కూతుర్నే నేను అక్కా అని పిలుస్తాను. ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా పెద్దమ్మ కబురుకు ఎప్పటినుంచో సిద్ధపడి ఉంది. పాపం, అక్క ఒక్కతే ఎట్లా తట్టుకుంటుందో అనుకుంటూ సెలవు చీటీ రాసిచ్చి, దారిలో పూలంగడి దగ్గర ఒక దండ కొనుక్కుని వచ్చాను.

వాకిట్లో జనం ఉన్నారు. అరుగు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది.

చేతిలో దండను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆమె ముందు నన్ను చూసింది, తర్వాత దండను చూసింది. "నాకు గాదులే అమ్మీ. పాప లోపలుండాది, పో" అంది. అరవై మూడేళ్ల కూతుర్ని ఆమె ఎప్పుడూ పాప అనే పిలిచేది.

ఇది జరిగి ఇరవై రోజులైంది. ఇప్పటికీ పొద్దున తలుపు తీయగానే ఎదురింటి వాకిట్లో ముగ్గు లేకపోతే, అక్క ఇంకా లేవలేదేమో అనుకుంటాను. తర్వాత గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ దండ చేతిలో పట్టుకుని నిలబడినట్టే ఉంటుంది.

అక్క జమ్మలమడుగులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసింది. ముప్పై ఏళ్లకు పైగా పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చింది. పెళ్లైన మూడేళ్లకే భర్త పోతే, కొన్నాళ్లు తోడుందామని వచ్చిన తల్లి మళ్లీ పెద్దముడియం దగ్గరున్న తన పల్లెకు తిరిగి పోనేలేదు. ఆ ముప్పై ఏళ్లూ పొద్దున్నే లేచి కూతురికి క్యారియర్ కట్టింది. అక్క ఆ క్యారియర్‌ను ఆఫీసులో తన కుర్చీలోనే కూర్చుని తినేది. అందరూ వెనక గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తింటుంటే నీకేం పట్టిందక్కా అని ఒకసారి అడిగాను.

"పని మానుకోని పల్లెల్నుంచి వస్తారుమే. వచ్చేతలికి కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్ల పానం ఎట్లుంటాది? వెతుక్కుంటా వచ్చినోళ్లకు మనం ఆడ కనపడాల" అంది.

ఆమెకు ఇంకో అలవాటు, చీటీలు. గుండ్రటి అక్షరాలతో రాసి ఇల్లంతా అతికించేది. గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో బండ మీదే ఉండేది. పెద్దమ్మ మాత్రల డబ్బాల మీద సూర్యుడు, చందమామ బొమ్మలుండేవి. మా ఇంటి తాళంచెవి వాళ్లింట్లో పెట్టిపోతే, దానికీ మా పేరుతో చీటీ కట్టేది. నేను ఎగతాళి చేస్తే, "రాసి పెట్టుకుంటే మనసుకు రోంత పని తగ్గుతాది" అనేది. రోంత అంటే కొంచెం. అన్నీ రాసి పెట్టుకున్న ఆ మనిషి తన ఒంటి సంగతి మాత్రం ఏ చీటీలోనూ రాసుకోలేదు.

ఓడ ఆలోచన గండికోటలో పుట్టింది. మూడు నెలల కిందట ఒక ఆదివారం మేం ముగ్గురం అక్కడికి పోయాం. కోట గోడ దాటి, రాళ్ల చివరనుంచి కింద పెన్నానదిని చూపిస్తే పెద్దమ్మ చాలాసేపు చూసి, "సముద్రం అంటారే, దీనికన్నా పెద్దదా పాపా?" అని అడిగింది. అక్క నవ్వలేదు. ఎనభై ఏళ్లు దాటిన తల్లి సముద్రం చూడలేదన్న సంగతి తనకు అప్పటిదాకా తట్టనే లేదని బస్సులో నాతో అంది. తర్వాత వారం రోజులు ఫోన్‌లో ఏవేవో చూసి, చెన్నై నుంచి బయల్దేరి, సముద్రంలో రెండు రోజులు తిరిగి, మళ్లీ చెన్నైకే వచ్చే పెద్ద ఓడ ఒకటి పట్టుకుంది. బీచికి తీసుకుపోతే సరిపోదా అన్నాను. "ముప్పై ఏండ్లు నాకు క్యారియర్ కట్టిందిమే మాయమ్మ. రెండు దినాలన్నా ఇంకొకరు వండింది కూచ్చోని తినాల" అంది.

వీధిలో అందరూ వద్దన్నారు. నేనూ అన్నాను. నడి సముద్రంలో పెద్దమ్మకేమన్నా అయితే ఎట్లా అన్నదే అందరి మాటా. పులివెందులలో చీనీ అనే బత్తాయిల తోట చూసుకుంటున్న అక్క తమ్ముడు ఫోన్‌లో గట్టిగానే అరిచాడు. "అమ్మకేమన్నా అయితే నీదే పూచీ" అన్నాడు. "నాదేలే" అంది అక్క.

పెద్ద వయసు వాళ్లకు డాక్టరు కాగితం కావాలన్నారని ఆసుపత్రికి పోతే, నేనూ వెంట పోయాను. డాక్టరు పెద్దమ్మను అన్ని విధాలా చూసి, గుండె బాగుందని చెప్పి, సంతకం చేశాడు. చేస్తూ చేస్తూ అక్కవైపు చూసి, "ఎటూ వచ్చినారు కదా, మీరూ ఒకసారి చూపించుకోండి" అన్నాడు. "నాకేమైంది సార్, నేను తోడు పొయ్యేదాన్ని" అంది అక్క. పక్కనే ఉన్న నేను, "అవున్సార్, ఆమెకేం" అన్నాను. అంత చిన్న మాట. దాన్ని వెనక్కి తీసుకునే దారి ఉంటే ఎంతదూరమైనా పోతాను.

ఓడ దిగి వచ్చాక పది సాయంత్రాలు మా వీధికి అదే కాలక్షేపం. అరుగు మీద కూర్చుని అక్క ఫోన్‌లో ఫోటోలు చూపిస్తుంటే, పెద్దమ్మ మధ్యమధ్యలో అడ్డు తగిలేది.

"యాడికి పోయినారు పెద్దమ్మా?" అని ఎవరన్నా అడిగితే, "యాడికీ పోలే. ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసుకు పోతిమి. ఆడ ఓడెక్కి, నీళ్లల్లో గానుగెద్దు మాదిరి తిరిగి, మళ్లా మద్రాసులోనే దిగితిమి" అనేది.

"నువ్వు చూడాలన్నది సముద్రం గదుమా, ఊరు గాదు గదా" అనేది అక్క.

"సముద్రం బాగుండాదిలే. తిండే, కూచ్చోని తినాలంటే సిగ్గైంది. ఇది పళ్లెం తెచ్చి ముందర పెడతాంటే, వండినోళ్లు తిన్న్యారో లేదో అని ముద్ద దిగల్యా" అనేది పెద్దమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. అంత సంతోషంగా సిగ్గుపడిన మనిషిని నేను చూడలేదు.

గది తలుపు తీయడానికి ఓడవాళ్లు మెడలో వేసుకునే కార్డు ఇచ్చారట. అక్క ఊరుకుంటుందా, తల్లి కార్డు వెనక చీటీ రాసి అతికించింది. "ఈమె మా అమ్మ. తప్పిపోతే ఎక్కడికీ తీసుకుపోవద్దు. ఉన్నచోటే కూర్చోబెట్టండి. నేను వెతుక్కుంటూ వస్తాను." కింద ఫోన్ నంబరు. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

తీరా చూస్తే తప్పిపోయింది తల్లి కాదు. రెండో రోజు పొద్దున పైఅంతస్తులో సముద్రం కనబడేచోట పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా యాడికీ పోవాకు, ఆడ్నే ఉండు" అని చెప్పి అక్క కాఫీ తేవడానికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో మెట్లదారి పట్టింది. ఆ ఓడలో ఏ అంతస్తు చూసినా ఒకే రకంగా ఉంటుందట. అవే తివాచీలు, అవే తలుపులు. లిఫ్టుల దగ్గర జనం. ఆత్రంలో ఎవర్నీ అడగకుండా, మెట్లెక్కుతూ దిగుతూ గంటసేపు తిరిగింది.

"చల్లారిపోయిన కాఫీ పట్టుకోని ఓడంతా తిరిగినానుమే. తప్పిపోయింది నేను, మాయమ్మ గాదు" అని అక్క పడీ పడీ నవ్వింది. "ఆమెను చూసేతలికి ఊపిరాడలే నాకు. చెమటలు. ఎడమ చెయ్యి ఒకటే గుంజింది, కప్పు పట్టుకోని తిరిగినా గదా."

మేమందరం నవ్వాం. "పెద్దమ్మే నయం, తప్పిపోలేదు" అని నేనే అన్నాను. ఆ పూట పక్కనెవరో తీసిన ఫోటో కూడా చూపించింది. కుర్చీలో పెద్దమ్మ, నేలమీద కూర్చుని తల్లి ఒడిలో తలపెట్టుకున్న అక్క, ఆమె నుదురు కొంగుతో తుడుస్తున్న తల్లి చెయ్యి, వెనకంతా నీలం. ఎంత బాగుందో అని నాకు పంపించుకున్నాను. అక్క పోయిన తర్వాత ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. ఆమె కుడిచెయ్యి తన ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. అది అప్పుడూ అక్కడే ఉంది, పదిమందిమి చూశాం, నవ్వాం.

ఓడ దిగి వచ్చి నెల కూడా తిరగలేదు. ఆ పొద్దున పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టి, "మా, పాలు చూస్తాండు, రోంతసేపు పండుకుంటా" అని మంచం మీద వాలిందట. పాలు పొంగాయి, పెద్దమ్మ దించింది, కాఫీ కలిపి పట్టుకుపోయి పిలిచింది. అంతే. ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. అదే నాకు మింగుడు పడదు. జబ్బు పడలేదు, ఆసుపత్రిలో కాపలా లేదు, మనసు సిద్ధం చేసుకునే వ్యవధి లేదు. ఎవరి కోసం అందరం భయపడ్డామో ఆమె కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

దినాలైపోయాక, మొన్న తమ్ముడు తల్లిని పులివెందులకు తీసుకుపోదామని కారు తెచ్చాడు. మంచివాడే, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాడు. బట్టల సంచి కారులో పెట్టాడు. పెద్దమ్మ రానంది. బతిమాలాడు. కోప్పడ్డాడు. చివరికి మా ఇంటికి వచ్చి, "నువ్వు చెప్పక్కా, నీ మాటైతే ఇంటాది. ఒక్కదాన్నే ఎట్లా ఇడిసిపెట్టి పోయేది?" అన్నాడు.

నేను పోయేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మెడలో ఓడ కార్డు వేసుకుని ఉంది. ఈ దెబ్బకు పెద్దమ్మకు మతి కూడా పోయిందే అనుకున్నాను. పక్కన కూర్చున్నాను.

ఆమెకు నా ముఖం చదవడం తెలుసు. "మతి తప్పిందనుకుంటాండావా అమ్మీ? నా చేతుల్తోనే దానికి నీళ్లు పోసినా. పాప పొయ్యిందని నాకు తెలీదా?" అంది.

"మరి ఈ కార్డెందుకు పెద్దమ్మా?"

ఆమె వీధివైపు చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు ఓడలో నేను లేచి పోయుంటే దానికి దొరికేదాన్ని గాదు. ఒకామె వచ్చి, పోదాం రా పెద్దమ్మా అని చెయ్యి పట్టుకునింది. నేను పోల్యా. ఆడ్నే ఉండమనింది గదా. పరిగెత్తుకోని వచ్చి ఒళ్లో పడింది బిడ్డ, ఎంత భయపడిందో. ఇప్పుడు రాదని తెలుసు. తెలిసీ, లేచి పోనీకి నాకు చాత గాలేదు. నాకుండే ఈ నాలుగు దినాలు దాని మాట ఇనుకోని ఈడ్నే ఉంటా."

తమ్ముడు కారు దగ్గర నిలబడి అంతా విన్నాడు. సంచి తీసి మళ్లీ ఇంట్లో పెట్టి వచ్చి, తల్లి పక్కన అరుగు మీద కూర్చున్నాడు. పులివెందులకు ఫోన్ చేసి, తను ఇంకొన్ని రోజులు ఇక్కడే ఉంటానని చెప్పాడు.

నేను లేచి మా ఇంటివైపు నడిచాను. గడప దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, గాలికో ఏమో ఆమె మెడలో కార్డు బోర్లా పడింది. పెద్దమ్మకు చదవడం రాదు. అయినా కార్డును వేళ్లతో పట్టుకుని, పరీక్షగా చూసి, చీటీ ఉన్న పక్క వీధిలోకి కనబడేట్టు తిప్పి పెట్టుకుంది.