బావ మెయిల్లో "రే"

మొన్న మా మనవరాలు నా ఫోనులో మెయిళ్లు చూసుకునే కొత్త ప్రోగ్రాము వేసిపెట్టింది. మా బావ పాత మెయిళ్లన్నీ అందులో ఒకే సబ్జెక్టు కింద దొంతరగా చేరాయి గానీ, ప్రతి జవాబు ముందూ ఉండే ఆర్, ఈ అనే రెండక్షరాలు మాత్రం కనబడలేదు. అవి అనవసరం కాబట్టి దాచేస్తుంది తాతయ్యా అంది. ఆ రెండక్షరాల కోసం నేనొకప్పుడు బందరులో బస్సెక్కి నాగాయలంక దాకా వెళ్లానని దానికేం తెలుసు!

పెద్ద మావయ్య కొడుకు ఆ బావ, నాకన్నా ఆరేళ్లు పెద్ద, ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను "రే" అనడమే తప్ప పేరుపెట్టి పిలిచి ఎరగడు. గుడివాడలో మా అక్క కూతురి పెళ్లిలో, వడ్డన హడావిడిలో పడి బావను మొదటి బంతికి పిలవడం మరిచిపోయాను. భోంచెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత ఎక్కడ ఎదురుపడినా "బాగున్నారాండీ" అనేవాడు. తిట్టినా బాగుండేది, ఆ మర్యాదను మూడేళ్లు భరించాను.

మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చి నాకూ ఒక మెయిలు అడ్రసు ఏర్పడ్డాక, రొయ్యల చెరువుల పని మీద బావకూ ఒకటి ఉందని విని, ధైర్యం చేసి "క్షేమమా బావా" అని ఇంగ్లీషు అక్షరాల్లో సబ్జెక్టు పెట్టి రెండు ముక్కలు రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. లోపలున్నది పొడిపొడి ఇంగ్లీషు, అందులో "యు" అంటే నువ్వో మీరో తేలదు కదా, కానీ పైన నా మాటల ముందు ఆర్, ఈ అని ఉంది. నేను దాన్ని "రే" అనే చదువుకున్నాను. కళ్లు చెమర్చాయి.

ఆదివారం నాగాయలంక వెళ్లి, బావ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి, మళ్లీ రే అన్నావు, నాకది చాలు అని చెప్పుకున్నాను. బావ కాసేపు అర్థంకాక చూసి, ఉన్నపళాన గట్టు మీదే కూర్చుండిపోయి నవ్వాడు.

"రే, అది నేను పెట్టింది కాదురా, మిషనే పెట్టుద్ది."

అన్నాక గానీ తన నోటి వెంట ఏమొచ్చిందో బావకు తెలియలేదు. ఆ పూట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాడు.

ఆ తరువాత ఏళ్ల తరబడి రాసుకున్నాం. నేను జవాబు రాసేటప్పుడు మాత్రం ఆ రెండక్షరాలూ చెరిపి పంపేవాణ్ణి, పెద్దవాణ్ణి పట్టుకుని రే అనడం ఎలా?

బావ పోయి రెండేళ్లయింది. మన ఈడు వచ్చాక ఇంటా బయటా అందరూ గారు అనేవాళ్లే మిగులుతారు. పాత ప్రోగ్రామే మళ్లీ వెయ్యమ్మా అని మనవరాలిని అడిగాను. నన్ను రే అనే మనిషి ఇక అందులోనే ఉన్నాడు.