ముళ్లపంది వీపు

ఆ ఏడు వేసవిలో నాకు గర్భసంచి తీసేశారు. కోలుకున్నాక మొక్కు తీర్చుకోవాలని మా ఆయన నన్ను తెల్లవారుజామునే స్కూటర్ మీద సింహాచలం తీసుకెళ్లాడు. కొండ రోడ్డులో ఒక మలుపు తిరగగానే ఆయన గట్టిగా బ్రేకు వేశాడు. రోడ్డు మధ్యలో ఒక ముళ్లపంది, దానికి ఎదురుగా కుక్కలు.

అది పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. కుక్కలకు వీపు తిప్పి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, ఒక్కో అడుగే వెనక్కి వెయ్యసాగింది. అది వెనక్కి జరిగే కొద్దీ కుక్కలు కూడా వెనక్కి తగ్గాయి. చివరికి అవి మొరుగుతూ పక్కకి తప్పుకుంటే, ముళ్లపంది తీరిగ్గా తుప్పల్లోకి వెళ్లిపోయింది.

"సూసినావా? ఎలగ నిలబడిపోనాదో!" అన్నాడు మా ఆయన. నేను పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అది వెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ వీపు నా బుర్రలోంచి పోలేదు.

నేను మద్దిలపాలెంలో ఒక మందుల షాపు కౌంటర్లో పనిచేస్తాను. మా షాపు పై అంతస్తులో ఒక అమ్మాయి ఆదివారాలు మట్టి పని నేర్పుతుంది. పాత ఊళ్లో సాయిబుల ఇంటి పిల్ల, నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది. సెలవు పూట ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనూ చేరాను. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పడంతో నా మట్టి కూడా ఆ పిల్లే పిసికి ఇచ్చేది. గ్లాసులు, గిన్నెలు అయ్యాక గీకుడు పని మొదలుపెట్టింది. తెల్లమట్టి పళ్లెం సగం ఆరాక దాని మీద నల్లమట్టి పూత పూయాలి. పూత తడి లాగేశాక మొనదేలిన పుల్లతో గీస్తే, గీసిన చోటల్లా కింది తెలుపు బయటపడుతుంది. అందరూ ఏదో ఒక జంతువుని గియ్యాలంది. ఒకరు నెమలి అన్నారు, ఒకరు ఏనుగు అన్నారు. నేను ముళ్లపంది అన్నాను, అదీ వెనక వైపు నుంచి.

"ఎనక నుంచా? మొకం లేకపోతే అదేటో ఎలగ తెలుస్తాదక్కా? ముందు సేప గియ్యి, సెయ్యి అలవాటవుతాది."

"సేప వద్దమ్మా. నాను సూసింది ఎనక నుంచే."

మొదటి పళ్లెం వానాకాలంలో చేశాను. సముద్రం గాలికి పూత ఎంతకీ ఆరలేదు. ఆగలేక గీసేశాను. గీత పక్కన లేచిన మట్టిని వేలితో తుడిస్తే తెలుపు మీద నలుపు పాకి అంతా బూడిద రంగయింది. చివరికది ముళ్లపందిలా కాదు, తడిసిన గొంగళిలా కనిపించింది. దాన్ని ముద్ద చేసి బకెట్లో పడేశాను.

రెండోది వారమంతా కవరు సరిగ్గా కప్పక ఎండిపోయింది. మొన ఆనించగానే నల్ల పూత పెచ్చులుగా లేచింది. పట్టుదల కొద్దీ ఇంకో రెండు గీతలు గీశాను. అంచు చిట్లింది.

"ఇప్పుడైనా సేప గీస్తావా?" అని నవ్వింది ఆ పిల్ల.

"గియ్యను. ఇటివ్వు, మట్టి నానే పిసుకుతాను."

"పొట్ట నొప్పెడతాదక్కా!"

"నొప్పెడితే ఆపుతాను."

కొంచెం కొంచెంగా తీసుకుని, ఆగి ఆగి పిసికాను. కుట్లు వేసిన చోట లాగింది. కానీ ఇన్నాళ్లకి నా ఒంటికి పని చెప్పినట్టనిపించింది. ఆ పూట మట్టిని పళ్లెంలా ఒత్తడంతోనే సరిపోయింది.

మా ఆయన స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. ఇంట్లో కాగితాల మీద నేను వేసిన ముళ్ల బొమ్మలు చూసి, "ఏటి గీత్తన్నావే, చీపురా?" అన్నాడు. కొండ దారిలో చూసిన ముళ్లపంది వీపని చెప్పాను. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చాక విరిగిన గొడుగు ఊచని ఆకురాయితో సన్నగా అరగదీసి, పట్టుకోడానికి గుడ్డ చుట్టి ఇచ్చాడు.

మూడో పళ్లెం దగ్గర తొందరపడలేదు. పూత మీద వేలు ఆనించి, వేలికి నలుపు అంటనప్పుడే మొదలుపెట్టాను. ముల్లు మొదట్లో సన్నగా, మధ్యలో లావుగా, చివర మళ్లీ సన్నగా ఉంటుంది. అలాగే మొన ఆనించి, మధ్యలో నొక్కి, చివర తేల్చేశాను. రాలిన పొడిని ఊదలేదు, తుడవలేదు. మిగతావాళ్లు భోజనాలకి వెళ్లినా నేను లేవలేదు. మెడ పట్టేసింది. వరస వెనక వరస నింపుకుంటూ అంచు దాకా వచ్చాను. ముళ్ల కింద రెండు పొట్టి కాళ్లు మాత్రం గీశాను.

నెమ్మదిగా ఆరనిచ్చి, కరెంటు బట్టీలో ఒకసారి కాల్చి, పైన గాజు పూత పూసి మళ్లీ కాల్చారు. బట్టీ తెరవగానే నా పళ్లెం కోసం లోపలికి తొంగి చూశాను. పళ్లెం ఒక పక్క కాస్త లేచింది. కొన్ని ముళ్ల చివర్లు గాజులో మునిగిపోయాయి. అయినా ఆ వీపు నిక్కబొడుచుకునే ఉంది.

ఆ పిల్ల దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. "సూరీడనుకుంటారేమోనక్కా," అని, కింది గీతల మీద వేలు పెట్టి, "ఊహూ, కాళ్లున్నాయి కదా," అంది.

ఇంటికి తెస్తే మా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు.

"మరి కుక్కలేయీ?"

"పళ్లెం పట్టుకున్నోళ్లే కుక్కలు."

"అంటే నానేనా!" అని నవ్వి, దాన్ని బల్ల మీద పెట్టాడు. అది అటూ ఇటూ ఊగింది. కింద అట్టముక్క మడిచి పెట్టబోతుంటే వద్దన్నాను. అడుగు మందం చాలకే అలా లేచిందని నాకు అర్థమైంది. తర్వాతి ఆదివారం అందరికంటే ముందు వెళ్లి, ఇంకాస్త ఎక్కువ మట్టి తీసుకుని, బల్ల మీద వేసి పిసకడం మొదలుపెట్టాను.