ఏడు పడగల పుట్ట

దెయ్యమన్నా, దేవత దిగిందన్నా నవ్వేదాన్ని. చోడవరంలో కళ్ళజోళ్ళ షాపులో పని నాది. లేనిది ఉన్నట్టు కనబడితే అది కంటి జబ్బేనని నా నమ్మకం.

మా అక్కను ఇదే ఊళ్ళో ఇచ్చాం. పెళ్ళయి చాన్నాళ్ళయినా పిల్లల్లేరు. బొమ్మలు వేసుకోవడమే తనకు ఊరట. ఒక వేసవిలో అత్తారింటి హాలు గోడకని గుడ్డ మీద పెద్ద బొమ్మ వేసింది. నాగకన్య. జుట్టు చెట్టు వేళ్ళలా నేలలోకి దిగిపోయింది. తల వెనక ఏడు పడగలు, వానమబ్బుల్లా. రంగు జారి మూడో పడగ పక్కకు వంగింది. “గాలికి వంగిందనుకోయే,” అని అలాగే వదిలేసింది. పాము చుట్టల నడుమ, ఒళ్ళో, గద్దపిల్ల.

గరుత్మంతుడి జాతికీ నాగులకూ పగ కదా అన్నాను.

“పగోడి పిల్లయినా పిల్లే కదే. దానికీ ఒడి కావాల,” అంది.

వాళ్ళత్తకు మాత్రం పామొక్కటే కనబడింది.

“గోడకి పామునెట్టుకుంటే కడుపెలా పండుతాదే?” అని బొమ్మను పెరట్లో చెరకాకు మంటలో వేసేసింది. బావ పక్కనే నిలబడి చూశాడు. ఆ సాయంత్రమే అక్క మా ఇంటికి వచ్చేసింది. ఆ బొమ్మకు ఫొటో కూడా లేదు.

వానలు పడ్డాక అదే గోడ కింద, టైల్సు మధ్యనుంచి పుట్ట లేచింది. తవ్వి పారేశారు. మందు కొట్టారు. మళ్ళీ లేచింది. మట్టిలో ఒక్క చెదపురుగూ లేదట. పక్కనున్న చెక్క బీరువాకు గీత కూడా పడలేదు. చివరికి అత్తే పసుపు రాసి, అమ్మవారు వెలిసిందంది. ఊళ్ళో ఆడవాళ్ళు పాలు తేవడం మొదలుపెట్టారు.

అప్పుడు బావ వచ్చి అక్కను బతిమాలాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

పట్టపగలు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. పుట్టకు ఏడు కొనలు. మూడోది పక్కకు వంగి ఉంది. కింద ఒడిలాంటి గుంట, అందులో ముక్కు తేలిన మట్టిముద్ద. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. చేత్తో తడిమాను కూడా.

“అమ్మోరు మనింటికొచ్చిందమ్మా. నువ్వూ పాలు పొయ్యి. ఈపాలి కడుపు పండుతాది,” అంది అత్త, ఎక్కడలేని ప్రేమతో.

అక్క గ్లాసు అందుకోలేదు. “నాను గీస్తే దోసం, మట్టి గీస్తే దేవతేటి, అత్తా?” అంది. ఇద్దరం వచ్చేశాం.

కాలి బూడిదైన బొమ్మ ఆ మట్టికి ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ అంతుబట్టదు. ఎవరైనా చెబితే వింటాను.

విడాకులయ్యాక బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. శుభలేఖ మాకూ పంపారు. పైన పసుపు కుంకుమలతో ఆ పుట్ట ఫొటో. అక్క దాన్ని చాలాసేపు చూసింది.

“బాగానే వచ్చింది,” అని లోపలికి వెళ్ళిపోయింది.