షట్టరు మీద నా మాట

మా అమ్మ కింది కట్టుడుపళ్ళ సెట్టుకు కొలతలిచ్చి వచ్చిన వారంలోనే చైనా సరిహద్దులో మన జవాన్లు చనిపోయారు. కొలతలు తీసుకున్నది మా ఎదుటి సందులో పళ్ళ డాక్టరు. నాన్న కలకత్తా మునిసిపాలిటీలో చేరినప్పటినుంచీ మేముంటున్న క్వార్టర్స్‌లో అందరి పళ్ళూ ఆయన చేతిమీద నడిచినవే. ఆయన తాత చైనా నుంచి వచ్చాడట. ఈయన పుట్టింది మాత్రం ఇక్కడే, బెంగాలీ నాకంటే బాగా మాట్లాడతాడు. అమ్మ ఆయన్ని దాదా అంటుంది, ఆయన అమ్మను దీదీ అంటాడు, మనం అన్నా అక్కా అన్నట్టు.

ఆ ఆదివారం వీధి క్లబ్బులో సభ పెట్టారు. చరిత్ర మాస్టార్ని కదా, నన్ను మాట్లాడమన్నారు. మైకు దొరికితే నేను ఆగుతానా! పక్కదేశం అంతకంతకూ బలపడుతుంటే మనమేం చెయ్యాలో గంటసేపు దంచాను. మన చదువులు బాగుపడాలి, కార్ఖానాలు నడవాలి, దానికి ఇరవై ఏళ్ళ ఓపిక కావాలి అన్నాను. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. "అంత ఓపిక లేకపోతే కనీసం చైనావాడి గుమ్మం తొక్కకండి!" అని అరిచాను. క్లబ్బు దద్దరిల్లింది. ఛీ, ఆ చప్పట్లకు ఉబ్బిపోయాను కూడా.

మర్నాడు పొద్దున్నే పళ్ళ డాక్టరు షట్టరు మీద కాగితం కనబడింది. నా మాటే, బెంగాలీలో, ఎర్ర సిరాతో రాసి అతికించారు.

అమ్మకు చెప్పక తప్పలేదు. బోసినోటితోనే ఉతికి ఆరేసింది.

"ఏటిరా నువ్వు సెప్పింది? ఆ మనిషి నీకేటి సేసినాడు? పద, నాతో రా."

షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్ళాం. ఆయన పనిముట్లు గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. కాగితం చింపేస్తానన్నాను.

"వద్దు మాస్టారూ, అది చింపితే షట్టరు విరగ్గొడతారు," అన్నాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "అరవై రెండులో, నా చిన్నప్పుడు, చైనాతో యుద్ధం వచ్చినప్పుడు కూడా ముందు కాగితమే అతికించారు. నాన్న చింపేశాడు. వారం తిరక్కుండా పోలీసులు వచ్చి ఇంటిల్లిపాదినీ నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు."

ఇన్నేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. ఆ సంగతి ఒక్క క్లాసులోనూ చెప్పలేదు.

ఆయన కింది పళ్ళ సెట్టు తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇప్పుడే పెట్టుకుని చూడండి దీదీ. గుచ్చుకుంటే అరగదీస్తాను. రేపు నేనుండను."

అమ్మ పెట్టుకుంది. సెట్టు ఎంత చక్కగా కూర్చుందో నాకు కనబడుతూనే ఉంది. నోరు మూసింది, తెరిచింది. నావైపు తిరిగి తెలుగులో అంది.

"గుచ్చుకుంతందని సెప్పరా. రేపు మళ్ళీ వత్తామని సెప్పు. ఎల్లుండి కూడా వత్తామని సెప్పు."

చెప్పాను. ఆయన టార్చి వేసి అమ్మ చిగుళ్ళు వేలితో తడిమి చూశాడు.

"ఎక్కడా ఎర్రబడలేదు దీదీ," అని చేతులు కడుక్కున్నాడు.

తర్వాత బయట స్టూలు వేసుకుని, ఎక్కి, తన పేరున్న బోర్డు ఊడదీయడం మొదలుపెట్టాడు. స్టూలు ఊగుతోంది. పడిపోతాడేమోనని నేనే పట్టుకున్నాను.