సువార్తరాజుగారి పాత సీబీ రేడియో

సువార్తరాజుగారితో నేను గొడవపడని ఆదివారం లేదు. కెనడాలోని ఒషావాలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి నేను సెక్రటరీని, ఆయన వ్యాన్ డ్రైవరు. నరసాపురం దగ్గర పుట్టి, ఇక్కడ ఇరవై రెండేళ్లు ట్రక్కు నడిపి రిటైరయ్యారు. మనిషి బంగారం. కాకపోతే మొండిఘటం.

2022లో స్టూడెంట్లు వచ్చిపడ్డారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది. నలభై మందిమి ఉండే సంఘం నూట అరవై అయింది. ఆరాధన తర్వాత పెట్టే బిర్యానీ మహిమ కూడా అందులో కొంత ఉందని నా అనుమానం. వాళ్లను తీసుకురావడానికి మూడు వ్యాన్లు పెట్టాం, ఒకటి నేనే నడుపుతాను. ఫోన్లయితే పిల్లలందరూ ఒకేసారి చేసి ప్రాణం తీస్తున్నారని, డ్రైవర్లం మాట్లాడుకోవడానికి ట్రక్కుల్లో వాడే సీబీ రేడియోలు బిగించుకున్నాం. మైకు బటన్ నొక్కితే మన మాట దగ్గర్లో ఉన్న వ్యాన్లకు వినబడుతుంది, వదిలితే వాళ్ల మాట మనకు వినబడుతుంది.

రెండు వ్యాన్లలో కొత్త సెట్లు. సువార్తరాజుగారి వ్యాన్‌లో మాత్రం ఆయన ట్రక్కు నుంచి ఊడదీసి తెచ్చుకున్న ఇరవై ఏళ్ల నాటి డబ్బా. దాని బటన్ ఒక్కోసారి అతుక్కుపోయేది. మూడో కొత్త సెట్టు కూడా తెప్పించి ఆయన చేతిలో పెట్టాను.

"ఎందుకండీ ఇది, ఉత్త ప్లాస్టిక్కు! విన్నిపెగ్ దారిలో మంచులో కూరుకుపోతే దేవుడు నన్ను కాపాడింది ఆ పాతదాంతోనండి."

"బటన్ అతుక్కుపోతోంది కదండీ!"

"ఒక్కటిచ్చుకుంటే అదే వదిలేద్దండి."

మా వాళ్లు డాక్టరుకు కూడా చెప్పనివి ప్రార్థన మనవి పేరుతో సువార్తరాజుగారికి చెప్పేస్తారు. ఆయన అవన్నీ పాకెట్ డైరీలో రాసుకుంటారు. ఆదివారం బయల్దేరే ముందు ఖాళీ వ్యాన్‌లో కూర్చుని, ఫోన్ ఆపేసి, ఒక్కొక్క పేరూ గట్టిగా చదివి దేవుడికి అప్పగిస్తారు. 

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నా వ్యాన్‌లో పదకొండు మంది స్టూడెంట్లు ఉన్నారు. రేడియో గరగరలాడి అందుకుంది.

"ప్రభువా, మా సెక్రటరీ ఇమ్మాన్యుయేల్‌గారికి పాడాలన్న ఆశ ఇచ్చావు, గొంతివ్వలేదు. రెండిట్లో ఏదో ఒకటి సరిచెయ్యి తండ్రీ."

వ్యాన్ గొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. మైకులో అరిచాను. బటన్ అతుక్కుని ఉన్నంతసేపూ ఆయనకు మా మాట వినబడదు. నా రేడియో కట్టేస్తే సరిపోయేది. కానీ తర్వాత ఎవరి వంతోనని ఒక్క నిమిషం ఆగాను. ఆ పాపం నాదే.

"పాలకొల్లు ఫెయిత్‌ని జ్ఞాపకం చేసుకో ప్రభువా. ల్యాబ్‌లో ఉద్యోగమని వాళ్లమ్మకి చెప్పి, హోటల్లో గిన్నెలు కడుగుతా ఏడుస్తంది పిల్ల..."

గబుక్కున కట్టేశాను. ఫెయిత్ వెనక సీట్లోనే ఉంది. పక్కన కూర్చున్న షాలేమ్ రాజుదీ పాలకొల్లే, ఇద్దరి తల్లులూ ఒకే గుడికి వెళతారు. సాయంత్రానికల్లా కబురు ఊరు చేరుతుంది. ఆ అమ్మాయి స్కార్ఫ్‌లో ముఖం దాచుకుంది.

షాలేమ్ రాజు గొంతు సవరించుకున్నాడు. "నేనేం చెప్పన్లే. మా ఇంట్లో నేను బ్యాంకులో మేనేజర్ని. చికెన్ ప్యాకింగ్ చేస్తున్నానని నువ్వూ మీ అమ్మతో అనకు."

అందరూ నవ్వారు. ఫెయిత్ నవ్వలేదు.

జరిగింది చెబితే సువార్తరాజుగారు నిలువునా నీరైపోయారు. ఒక్క మాట ఎదురు చెప్పకుండా స్క్రూడ్రైవర్ తెచ్చి, ఆ చలిలో గ్లవుజులు కూడా లేకుండా పాత డబ్బాను ఊడదీశారు. "కొత్తది బిగించండి. ఆ పిల్ల ఇంక గుడికి రాదేమోనండి" అన్నారు. కళ్లు తడిగా ఉన్నాయి. గొడవలో నేనే గెలిచాను, సంతోషం మాత్రం రవ్వంత లేదు. నేను ఆగిన ఆ ఒక్క నిమిషం సంగతి ఆయనకు చెప్పలేదు.

రెండు ఆదివారాలు ఫెయిత్ రాలేదు. మూడో ఆదివారం ఎప్పటి మలుపులోనే నిలబడి ఉంది. నా వ్యాన్ ఎక్కి ముందు సీట్లో కూర్చుని మైకు అడిగింది.

"అంకుల్, నేను ఫెయిత్‌ని. మీరు ప్రార్థన చెయ్యండి. బటన్ నొక్కి పట్టుకునే చెయ్యండి, అందరం వింటాం."

"పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నారు సువార్తరాజుగారు. అక్కడే ఆగిపోయారు. గంటలకొద్దీ ప్రార్థించే మనిషికి, అందరూ వింటున్నారని తెలిసేసరికి నోట మాట రాలేదు.

ఫెయిత్ మళ్లీ బటన్ నొక్కింది.

"ప్రభువా, మా అంకుల్‌ని ఏమనకు. గిన్నెల సంగతి అమ్మకి నేనే చెప్పేశాను. తిడుతుందనుకున్నా. వీడియో ఆన్ చెయ్యి, ముందు నీ చేతులు చూపించు అంది."

సువార్తరాజుగారి వ్యాన్ నుంచి ఆమెన్ వినబడింది, తర్వాత మూడో వ్యాన్ నుంచి. నా వెనక షాలేమ్ రాజు మైకు ఇటివ్వమని చెయ్యి చాచాడు.