గల్లీ బావి, రంగుల కార్ఖానా

మేము కుంఠా నాకా దగ్గర ఉన్నప్పుడు మా గల్లీ చివర నూలుకు రంగులద్దే కార్ఖానా ఒకటి ఉండేది. దాని మురికినీళ్ల మోరీ మా ఇళ్ల ముందు నుంచే పారేది. ఆ రోజు నూలుకు ఏ రంగు వేస్తే మోరీ ఆ రంగు. గల్లీ బావిలోకి కూడా అదే ఊరేది. ఆ నీళ్లతో గిన్నెలు తోమడం కూడా మానేశాం.

తొంభైలలో ఒక ఎండాకాలం కార్ఖానా మాలక్ వెనక జాగాలో పెద్ద పెద్ద నీళ్ల హౌజులు కట్టించడం మొదలుపెట్టాడు. ఇకమీదట మురికి నీళ్లను శుభ్రం చేశాకే వదులుతారట. ఇదంతా గల్లీ జనం మేలు కోసమేనని గుమాస్తా ఇంటింటికీ వచ్చి చెప్పి పోయాడు. అనుమానం అక్కడే మొదలైంది. ఇన్నేళ్లూ లేని ప్రేమ ఇప్పుడెక్కడిది? బావి జాగా మీద కన్నేశాడని కొందరు, ఖర్చంతా పనివాళ్ల కూలిలో కోస్తాడని కొందరు. బీడీలు చుట్టే ఆడవాళ్లం ఇటుకల లారీ వస్తే చాలు, చేటలు పక్కన పెట్టి లేచి చూసేవాళ్లం.

మా అత్తకు ఓపిక పోయింది. ఒకనాడు నన్ను వెంటబెట్టుకుని కార్ఖానాకే వెళ్లింది.

"సచ్ చెప్పు మాలక్. ఇందుల నీకేం మిగుల్తది?"

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"నీకు అబద్ధమెందుకు చెప్పాలె పెద్దమ్మా. ట్యాంకర్ల నీళ్లు కొనలేక సస్తున్న. ఇగ వాడిన నీళ్లే సాఫ్ జేసి మళ్ల వాడుకుంట. బయటి దేశపోళ్లు గూడ మోరీ జూసినంకనే ఈ నూలుతో నేసిన తువ్వాళ్లు కొంటమంటున్నరు. నాకు ఫాయిదా ఉన్నది."

"గీ మాట మీ గుమాస్తా ఎందుకు చెప్పలే?"



లాభముందని ఒప్పుకున్నాడు కాబట్టి పని మధ్యలో ఆపడని తిరిగి వస్తూ అత్త అంది. నాకు మాత్రం అది అంత సులువుగా మింగుడు పడలేదు.

హౌజులు పూర్తయ్యాయి. ఎవరి కూలీ తగ్గలేదు, బావి జాగా ఎవరూ అడగలేదు. రెండు వానాకాలాలు పోయాక బావి నీళ్లు తేటపడ్డాయి. అత్త, మామయ్య తెల్ల ధోతిని ఆ నీళ్లలో నానబెట్టి ఆరేసి, అటూ ఇటూ తిప్పి చూసింది. మరక లేదు. అప్పటి నుంచి బట్టలు అక్కడే ఉతికాం. తాగే నీళ్లకు మాత్రం మునిసిపాలిటీ నల్లా దగ్గరే నిలబడ్డాం.

హోట్గి రోడ్ వైపు ఇల్లు మారేదాకా నేను రోజూ వాకిలి ఊడుస్తూ మోరీలోకి తొంగిచూసేదాన్ని, ఏ పూటైనా మాలక్ దొంగచాటుగా రంగు వదిలాడేమోనని. ఒక్కసారి కూడా కనబడలేదు. అయినా చూడటం మానలేదు.